కోరంగి మడఅడవి, హోప్ ద్వీపము: పోటు తెలిసి పక్షులను చూచుట

కార్తికము మొదలు మాఘము వరకు కాకినాడ పరిసరములకు వనభోజనములకును, సముద్రస్నానములకును వచ్చువారు వేలకొలది కలరు. వారిలో కొందరు కోరంగి మడఅడవిని, దాని కెదురుగా సముద్రములో నున్న హోప్ ద్వీపమును కూడ చూచి పోవుచున్నారు. తిరిగి వెళ్ళునప్పుడు పలువురు చెప్పు మాట ఒక్కటే: "పక్షులు వేలున్నవని విన్నాము. నాలుగు కొంగలు తప్ప ఏమియు కనబడలేదు." ఆ మాట అబద్ధము కాదు. కాని అదే దినమున, అదే స్థలమునకు మూడు గంటలు ముందు వచ్చినవారు వేల పక్షులను చూచియుందురు. ఈ తీరమున పక్షుల దినచర్య సూర్యునికంటె ఎక్కువగా సముద్రపు ఆటుపోట్లను అనుసరించి నడచును. ఏ వేళ నీరు పెరుగునో, ఏ వేళ తగ్గునో తెలిసికొని బయలుదేరినవారికి ఈ యాత్ర చక్కని పాఠము. తెలియనివారికి అది ఎండలో పడవషికారు మాత్రమే. అంతే కాదు, సందర్శకుల తెలియనితనమువలన పక్షులకు కలుగు నష్టము కూడ కొంత కలదు. దానిని గూర్చి చెప్పుటకే ముఖ్యముగా ఈ వ్యాసము.

మొదట స్థలమును గూర్చి. కాకినాడనుండి యానాం పోవు రోడ్డుమీద చొల్లంగి దాటిన తరువాత కోరంగి గ్రామము వచ్చును. పుష్యమాసపు అమావాస్యనాడు స్నానములకు జనము కూడు చొల్లంగి ఇదియే. గౌతమీ గోదావరి సముద్రమున కలియు ఈ ప్రాంతమున కోరంగి, గాడేరు మొదలగు పాయలు బురదనేలను ముక్కలు ముక్కలుగా చీల్చుకొని ప్రవహించుచున్నవి. ఆ పాయల గట్టులన్నియు మడచెట్లతో నిండియున్నవి. 1978లో ప్రభుత్వమువారు సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర ఈ ప్రదేశమును వన్యమృగ సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి.

హోప్ ద్వీపము ఈ అడవికి తూర్పున, ఉత్తరదక్షిణములుగా సాగియున్న ఇసుకతిప్ప. గోదావరి మోసికొనివచ్చిన ఇసుకను నైరుతి ఋతుపవనకాలపు కెరటములు ఒడ్డు వెంబడి ఉత్తరమునకు నెట్టుచుండగా, అది నాలుకవలె పెరిగి, పెరిగి, నేడు సుమారు 16 కిలోమీటర్ల పొడవైనది. దీని వయస్సు రమారమి రెండువందల సంవత్సరములకు మించదు. మన తాతల తాతలు ఈ తిప్పను ఇంత పొడవున చూచియుండరు. తిప్పకును ప్రధాన తీరమునకును నడుమ నున్న లోతులేని నీరే కాకినాడ అఖాతము. బంగాళాఖాతపు కెరటముల దెబ్బను తిప్ప కాచుకొనుటచేతనే కాకినాడ రేవులో ఓడలు నిలకడగా నిలువగలుగుచున్నవి.

కోరంగి నేడు చిన్న గ్రామమే కాని ఒకప్పుడు ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరుపడిన రేవు. ఇచ్చటినుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారు అనేకులు. అందువలననే ఆ దేశమున, ఏ ఊరివాడైనను సరే, తెలుగువానిని 'కోరంగీ' యని పిలుచు వాడుక ఏర్పడినది. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు ఆ పట్టణమును తుడిచిపెట్టినవి. మిగిలిన రేవును నది తెచ్చిన ఒండ్రు పూడ్చివేసినది. ఓడలకు పనికిరాకుండ జేసిన ఆ ఒండ్రే పక్షులకు పంటభూమియైనది.

ఇక ఆటుపోట్ల లెక్క. ఈ తీరమున దినమునకు రెండుమారులు నీరు పెరుగును, రెండుమారులు తగ్గును. పెరుగుట పోటు, తగ్గుట ఆటు. నిండు పోటునుండి పూర్తి ఆటునకు సుమారు ఆరుంబావు గంటల కాలము పట్టును. మరునాటి పోటు నేటి పోటుకంటె సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. నేడు ఉదయము 8 గంటలకు నిండు పోటు వచ్చినదనుకొనుడు. మధ్యాహ్నము 2 గంటలు దాటినంతట పూర్తి ఆటు, రాత్రి 8½ గంటల ప్రాంతమున మరల పోటు, రేపు ఉదయము 9 గంటలకు కొంచెము ముందుగా మరియొక పోటు వచ్చును. అమావాస్యకు, పౌర్ణమికి, వాని తరువాతి ఒకటి రెండు దినములకు పోటు బాగుగా ఎక్కును, ఆటు బాగుగా దిగును. అష్టమి నవముల ప్రాంతమున ఈ తేడా తక్కువ. మత్స్యకారులకు ఈ లెక్క పుస్తకము లేకయే తెలియును. తిథి చెప్పినచో వేళ చెప్పుదురు. కనుక యాత్రకు ముందుగా కనుగొనవలసినది బస్సు వేళ కాదు. పడవ సరంగును, లేదా రేవులో వల బాగుచేసికొనుచున్న పెద్దను "తాతా, ఇవ్వాళ పోటు ఎన్నింటికి?" అని అడిగినచో చాలును. మిగిలిన దినముల వేళలను మనమే లెక్కకట్టుకొనవచ్చును.

ఆటువేళ మడఅడవిలో ప్రవేశించుట మంచిది. అటవీశాఖవారు చెట్ల నడుమ నిర్మించిన కొయ్యబాటమీద నడచినచో కాలికి బురద అంటకుండనే లోపలివరకు పోవచ్చును. క్రిందకు చూచినచో నేలనుండి మేకులు దిగగొట్టినట్లు వేలకొలది వేళ్ళు నిటారుగా పైకి వచ్చియుండుట కనబడును. ఎల్లప్పుడు నీరు నిలుచు బురదలో గాలి యుండదు. గాలి లేనిచో వేరు బ్రతుకదు. అందుచేత మడచెట్టు తన వేళ్ళను పైకి పంపి, నీరు తగ్గిన గంటలలో వానిద్వారా గాలి పీల్చుకొనును. ఉప్పునీటిని త్రాగి, ఎక్కువైన ఉప్పును ఆకులనుండి బయటకు నెట్టివేయును. ఎండిన దినమున మడఆకును వ్రేలితో రాచి నాలుకకు తాకించినచో ఆ ఉప్పు తెలియును.

ఉప్పుపొన్న ఉపాయము వేరు. దాని వేళ్ళు కొమ్మలనుండి వంపుగా దిగి, పాకకు పెట్టిన గుంజలవలె చెట్టును పట్టుకొనియుండును. దాని గింజ చెట్టుననే మొలకెత్తి మునగకాడవలె వ్రేలాడి, పక్వమైన తరువాత రాలి బురదలో గుచ్చుకొనును, లేదా నీటిలో తేలిపోయి మరియొకచోట నాటుకొనును. తిల్లచెట్టును గూర్చి మాత్రము జాగ్రత్త వహింపవలెను. దాని పాలు కంటబడినచో చూపునకే ప్రమాదము. పిల్లలను వెంటదీసికొని పోవువారు కొమ్మలు విరువనీయరాదు.

కొయ్యబాటమీద పదినిమిషములు కదలక నిలిచినచో బురద కదలనారంభించును. ఒక డెక్క చిన్నది, ఒక డెక్క శరీరమంత పెద్దది గల పీతలు బొరియలనుండి వచ్చును. పెద్ద డెక్క మగపీతకు మాత్రమే యుండును. దానిని ఎత్తి, దించి ఆడపీతను పిలుచును, తోటి మగవానిని బెదరించును. కన్నులు నెత్తిమీద గల చిన్న చేపలు రెక్కలను కాళ్ళవలె వాడుకొని బురదమీద గెంతును.  ఈ సన్నని కాల్వలలోనే రొయ్యపిల్లలు, పండుగప్ప పిల్లలు, మండపీతలు పెరిగి పెద్దవై బయటకు పోవుచుండును. అఖాతములో వల వేయువాని రాబడిలో ఎంత భాగము ఈ చెట్లనీడన పుట్టినదో కోరంగి, మట్లపాలెము, గాడిమొగ గ్రామములవారికి మనము చెప్పవలసిన పనిలేదు.

అడవిలో కనబడు పక్షులలో లకుముకిపిట్టలు ముఖ్యమైనవి. మన చెరువుగట్లమీద తిరుగు రకములు కాక, నల్లని తల, తెల్లని మెడపట్టె, ఊదా కలసిన నీలపు వీపు, ఎర్రని ముక్కు గల లకుముకి ఒకటి ఇచ్చట కలదు. తీరమునకు దూరమైన గ్రామములవారు దానిని సాధారణముగా చూడజాలరు. నారాయణపక్షులు, నీటికాకులు, తెల్లకొంగలు కాల్వ మలుపులలో నిలిచియుండును. గరుడపక్షి పైన చుట్లు తిరుగుచుండును. పెద్ద గుంపుగా వచ్చి అరపులు, కేకలతో నడచిపోవువారికి వీనిలో ఒక్కటియు దక్కదు. లౌడుస్పీకరుతో వచ్చిన బృందములను గూర్చి చెప్పనే అక్కరలేదు. నలుగురైదుగురు చొప్పున, వెనుకవారు ముందువారికి కొంచెము దూరముగా నడచుట మేలు.

మృగములలో చెప్పదగినవి రెండు. నీటికుక్కలు గుంపుగా ఈదుచు చేపలను వెంటాడును. ఉదయమున అదృష్టముండినచో కాల్వలో వరుసగా లేచి మునుగు తలలు కనబడవచ్చును. రెండవది బావురుపిల్లి. ఇది ఇంటిపిల్లికి రెండింతలుండు అడవిపిల్లి. బూడిదరంగు ఒంటిమీద నల్లని మచ్చలు, పొట్టితోక, వ్రేళ్ళ నడుమ కొంతమేర చర్మము కలిగి, నీటిలో దుమికి చేపను పట్టును. రాత్రి తిరుగు జంతువగుటచే పగటి సందర్శకులు దానిని చూచుట అరుదు. ఆటువేళ కాల్వ ఒడ్డున మెత్తని బురదలో దాని అడుగుజాడలు మాత్రము కనుగొనవచ్చును. 2018లో కెమెరాలను అమర్చి లెక్కించగా ఈ అడవిలో నూటికి పైగా బావురుపిల్లులున్నట్లు తేలినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో దీనిని మొదటి షెడ్యూలులో చేర్చిరి. అనగా పెద్దపులికి చట్టమిచ్చు రక్షణయే దీనికిని కలదు. వలలోని చేపలను తినుచున్నదను కోపమున దీనిని కొట్టుట పూర్వము కొన్నిచోట్ల ఉండెడిది. అది నేరమని ఇప్పుడు పిల్లలకు సయితము తెలిసియుండవలెను.

అసలు వేడుక అడవి బయట, అఖాతపు బురదమేటలమీద జరుగును. నీరు దిగిపోయిన కొలది మైళ్ళ పొడవున మెరయు బురద బయటపడును. దానిమీద గోధుమ, బూడిద రంగుల చిన్న పక్షులు చెదరి తిరుగుచుండును. దూరమునుండి చూచువారికి అవన్నియు ఒకే రకముగా తోచును. ముక్కులను చూచినచో తేడా తెలియును. ప్లోవరులు మన పొలముల తీతువునకు దాయాదులు. వాని ముక్కు పొట్టి, కన్ను పెద్దది. నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, పైన కదలిన పురుగును మాత్రము పొడుచుకొని తినును. స్టింట్ అను పిచ్చుకంత పక్షి కుట్టుమిషను సూదివలె గబగబ పొడుచుచు పై పొరను వెదకును. రెడ్‌షాంక్ అను ఎర్రకాళ్ళ ఉల్లంకి ముక్కు అంతకు పొడవు. అది కొంచెము లోతునకు దింపును. గాడ్విట్ ముక్కు ఇంకను పొడవు, చివర పైకి ఒంగియుండును. బురదలో కన్నులవరకు తలను దూర్చి లోతున దాగిన పురుగును లాగును. కర్ల్యూ ముక్కు కొడవలివలె క్రిందికి వంగి, పీత బొరియ వంపులోనికి సరిగా దిగును. ఇట్లు పదిరకముల పక్షులు ఒకే బురదలో తినుచున్నను ఒకదాని కంచములో మరియొకటి చేయి పెట్టదు.

ఈ పక్షులలో అధికభాగము మన దేశమున గ్రుడ్లు పెట్టవు. స్టింట్ ఉత్తరధ్రువమునకు దగ్గరి మంచునేలలలో పుట్టి ఇంతదూరము వచ్చును. దాని బరువు మూడు తులములు కూడ లేదు. కొన్ని ప్లోవరులు, ఎర్రకాళ్ళ ఉల్లంకులు లడఖు మొదలగు హిమాలయ పీఠభూములలోను, మధ్య ఆసియాలోను సంతానమును పెంచి, చలికి ముందు దక్షిణమునకు దిగును. గాడ్విట్ జాతి పక్షియొకటి 2022లో అలాస్కానుండి ఆస్ట్రేలియా దక్షిణమున నున్న టాస్మానియాకు ఎచ్చటను దిగక 13,560 కిలోమీటర్లు పదునొకండు దినములలో ఎగిరినట్లు దాని వీపున కట్టిన యంత్రమువలన తెలిసినది. తిండి లేదు, నీరు లేదు, నిద్రకు చోటు లేదు. అంత ప్రయాణమునకు కావలసిన ఇంధనమంతయు శరీరములో పేరుకొన్న క్రొవ్వే. బయలుదేరుటకు ముందు కొన్ని వారములలో ఈ జాతుల పక్షులు తమ బరువును దాదాపు రెట్టింపు చేసికొనగలవు.

ఇచ్చటనే పోటు సంగతి వచ్చుచున్నది. బురద మునిగియుండగా ఈ పక్షులకు తిండి లేదు. నీరు ఎక్కిన కొలది అవి వెనుకకు జరిగి, జరిగి, చివరకు బురదమేట పూర్తిగా మునిగినప్పుడు హోప్ ద్వీపపు ఇసుకమీదను, దాని చివర మొనలమీదను గుంపులుగా చేరును. అన్నియు గాలికి ఎదురుగా ముఖము పెట్టి, ఒంటికాలిమీద నిలిచి, ముక్కును రెక్కలో దాచుకొని విశ్రమించును. ఆటువేళ పది కిలోమీటర్ల మేర చెదిరియున్న పక్షులన్నియు ఆ రెండు మూడు గంటలు ఒక పొలమంత జాగాలో నుండును. చూచువారికి ఇంతకు మించిన సమయము లేదు. పక్షులకు ఇంతకు మించిన ఆపద సమయమును లేదు. సందర్శకుడు సంతోషముతో ఫోటోకొరకు దగ్గరకు పోవును. పిల్లవాడు గుంపు ఎగురుట చూడవలెనని పరుగెత్తును. గుంపు మేఘమువలె లేచి, తిరిగి, మరల దిగును. చూచుటకు అందమే. కాని లేచిన ప్రతిసారి అవి ఆటువేళ కూడబెట్టిన క్రొవ్వును కొంత కరగించుకొనును. మరల తినవలెనన్న బురద నీటిక్రింద నున్నది. ఒక పడవ పోయిన తరువాత మరియొక పడవ, ఆ తరువాత ఒక కుక్క, ఇట్లు ఒక పోటులో అయిదారుమారులు లేపినచో నష్టము పూడదు. ఫాల్గుణ చైత్రములలో ఉత్తరమునకు బయలుదేరవలసిన పక్షి తగిన బరువు లేక బయలుదేరినచో దారిలోనే పడిపోవును, లేక ఆలస్యముగా చేరి ఆ యేడు సంతానము లేక తిరిగివచ్చును.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. గ్రేట్ నాట్ అను పక్షి సైబీరియా ఈశాన్యభాగమున గ్రుడ్లు పెట్టి, దక్షిణ ఆసియా, ఆస్ట్రేలియా తీరములలో చలికాలము గడపును. కాకినాడ అఖాతమును ఆశ్రయించు వానిలో ఇదియు ఒకటి. చైనా, కొరియాల నడుమనున్న పసుపు సముద్రపు బురదమేటలు ఈ జాతికి దారిలో మజిలీలు. దక్షిణ కొరియాలో 2006లో సుమారు 33 కిలోమీటర్ల పొడవున సముద్రమునకు గోడకట్టి సేమాంగం బురదమేటను మూసివేసిరి. అచ్చట దిగుచుండిన పక్షులు మరియొకచోట సర్దుకొనునని కొందరు తలచిరి. ఆస్ట్రేలియాలో లెక్కించి చూడగా అవి సర్దుకొనలేదు, తగ్గిపోయినవి. 2015లో ఈ జాతిని ప్రపంచమున అంతరించు ప్రమాదమున్న వానిలో చేర్చిరి. మజిలీ ఒక్కటి పోయినను ప్రయాణమంతయు చెడునని దీనివలన తెలియుచున్నది. మన అఖాతము అట్టి మజిలీలలో ఒకటి.

స్కిమ్మర్ అను పక్షిని కూడ ఇచ్చట చూడవచ్చును. దాని నారింజరంగు ముక్కులో క్రిందిభాగము పైభాగముకంటె పొడవు. నోరు తెరచి, క్రింది ముక్కుతో నీటిని నాగలివలె చీల్చుచు ఎగిరి, తగిలిన చేపను పట్టుకొనును. చంబల్, మహానది మొదలగు నదుల ఇసుకమేటలమీద వేసవిలో గ్రుడ్లు పెట్టి చలికాలమున కాకినాడ పరిసరములకు గుంపులుగా వచ్చును. ప్రపంచమంతట కొన్ని వేలు మాత్రమే మిగిలియున్న జాతి యిది. ఒకే ఇసుకమొనమీద వందకు పైగా నిలిచిన గుంపు కనబడినచో, ఆ జాతిలో చెప్పుకోదగిన భాగము మన కన్నులయెదుట నున్నట్లే.

కనుక ద్వీపమున నడచువారు కొన్ని గుర్తులు తెలిసికొనవలెను. గుంపులోని పక్షులు ముక్కులు రెక్కలలోనుండి తీసి తలలెత్తినచో మనము చాల దగ్గరకు వచ్చినట్లు. నడచి దూరమగుచున్నచో ఇంకను దగ్గరకు వచ్చినట్లు. ఎర్రకాళ్ళ ఉల్లంకి ఈలవేసి లేచినచో మిగిలినవియు లేచును. తలలెత్తగానే ఆగి, కూర్చుండి, మెల్లగా వెనుకకు జరుగవలెను. కనీసము నూరు మీటర్ల దూరము ఉంచుట మంచిది. బైనాక్యులరుండినచో అంతకంటె దూరమునుండియు చక్కగా కనబడును. పడవ సరంగునకు ముందుగానే చెప్పవలెను. సందర్శకుని సంతోషపెట్టవలెనని పడవను పక్షులమీదికి పోనిచ్చుట అతని మర్యాద. వలదని చెప్పుట మన మర్యాద.

పడవలో పోవువారికి మంచి సమయము మరియొకటి కలదు. నీరు సగము ఎక్కినప్పుడు పక్షులు ఇంకను తినుచునే, నీటి అంచు వెంబడి మనవైపు జరుగుచుండును. పడవను ఒకచోట నిలిపి, యంత్రము ఆపి కూర్చున్నచో అవియే దగ్గరకు వచ్చును. మా యెన్నికలో నిండు పోటుకంటె ఈ రెండుగంటల కాలమే ఉత్తమము. పక్షికి నష్టము లేదు, చూచువారికి తొందర లేదు.

ద్వీపపు తూర్పుఒడ్డున, బహిరంగ సముద్రమువైపు, జనవరినుండి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రులందు వచ్చి గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి ఇసుకలో గుంటత్రవ్వి నూరు గ్రుడ్ల వరకు పెట్టి, పూడ్చి, తెల్లవారకముందే వెళ్ళిపోవును. నలుబదియైదు నుండి అరువది దినములలో పిల్లలు వచ్చును. నక్కలు, కుక్కలు త్రవ్వకుండ అటవీశాఖవారు గ్రుడ్లను ఏరి కంచెలలో పొదిగించి పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. పిల్ల నీటిని వెలుతురునుబట్టి గుర్తించును. ఒడ్డున దీపము వెలిగినచో దానివైపు నడచి చచ్చును. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరమున యంత్రపు పడవలవేట నిషేధము కలదు. అది చేపల సంతానముకొరకు ఏర్పడినదైనను, గ్రుడ్లు పెట్టి తిరిగిపోవు తాబేళ్ళకును కొంత మేలు చేయుచున్నది.

చూడవచ్చినవారు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. ఈ బురద, ఈ ముళ్ళపొద, ఈ ఇసుక ఎవరికి ఉపయోగము? దానికి ఉప్పెన చూచిన గ్రామములవారు జవాబు చెప్పగలరు. 1996 నవంబరు 6వ తేదీన కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుఫానులో వేయిమందికి పైగా మరణించిరి. వారిలో మత్స్యకారులు అనేకులు. మడఅడవి గాలిని ఆపజాలదు, సముద్రముమీద నున్నవానిని కాపాడజాలదు. కాని ఒడ్డునకు వచ్చు కెరటము వేళ్ళనడుమ, కాండములనడుమ నలిగి బలము తగ్గును. 1999లో ఒడిశాలో వచ్చిన మహాతుఫాను తరువాత కేంద్రపడా జిల్లా గ్రామములను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు, సముద్రమునకును ఊరికిని నడుమ మడఅడవి వెడల్పుగా నున్న గ్రామములలో మరణములు తక్కువగా నున్నట్లు లెక్కలతో చూపిరి.

అట్టి అడవిని మనమే కొంత పాడుచేసితిమి. పూర్వము వంటచెరకుకొరకు వంతులవారీగా మొత్తము నరకివేయు పద్ధతి యుండెను. నరకినచోట ఎండకు నేల ఎండి, దిగి, పళ్ళెమువలె గుంటయైనది. పోటునీరు వచ్చి నిలిచి, ఆవిరియై, ఉప్పు పేరుకొని, తిరిగి మొక్క పట్టలేదు. తరువాత రొయ్యల చెరువులు వచ్చినవి. 1990ల చివరి సంవత్సరములలో చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు, గ్రామసమితులు కలసి చేసిన పని ఈ సందర్భమున చెప్పదగియున్నది. బోడిపడిన నేలలలో నడుమ ఒక పెద్దకాల్వ, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా చిన్నకాల్వలు, చేపముల్లు ఆకారమున త్రవ్వి, పోటునీరు వచ్చి పోవునట్లు చేసిరి. నిలిచిన ఉప్పు కడుగుకొనిపోయినది. కాల్వగట్లమీద నాటిన మడమొక్కలు బ్రతికినవి. పొలమునకు నీరుపెట్టుట తెలిసిన రైతునకు ఇందులో క్రొత్త ఏమియు లేదు. నీరు నిలువరాదు, పారవలెను, అంతే. త్రవ్విన చేతులు ఆ గ్రామములవారివే. ఇప్పటికిని ఎవరైనను గొడ్డలి పట్టుకొని వచ్చినచో మొదట అడ్డుపడువారును వారే.

నది ఎగువన కట్టలు, జలాశయములు పెరిగిన కొలది సముద్రమునకు చేరు ఒండ్రు తగ్గినది. ఒండ్రుతో పెరిగిన డెల్టా ఒండ్రు తగ్గినప్పుడు కోతపడును. డెల్టా అంచున కొన్నిచోట్ల సముద్రము ముందుకు వచ్చుచున్నది. హోప్ ద్వీపపు రూపమును ఏటేట మారుచున్నది. గత సంవత్సరము పక్షులు నిలిచిన మొన ఈ సంవత్సరము అచ్చటనే యుండునను నమ్మకము లేదు. కనుక ప్రతి యేడు క్రొత్తగా చూచి వ్రాసికొనువారు కావలెను.

యాత్రకు నవంబరునుండి ఫిబ్రవరి వరకు అనుకూలము. నవంబరు, డిసెంబరులు తుఫానుల కాలమును అగుటచే వాతావరణశాఖవారి హెచ్చరిక వినక పడవ ఎక్కరాదు. ద్వీపమునకు పోవుటకు ముందు అటవీశాఖవారి అనుమతి యున్నదో లేదో కనుగొనవలెను. ద్వీపమున దుకాణములను నమ్ముకొనక త్రాగునీరు, టోపీ వెంటనుంచుకొనవలెను. ఎర్రని, మెరయు బట్టలకంటె మట్టిరంగు బట్టలు మేలు. తిన్న కాగితములు, సీసాలు సంచిలో వేసికొని తిరిగి తేవలెను. పడవ ఎక్కువారందరు ప్రాణరక్షక జాకెట్టు తొడుగుకొనవలెను. ఈతవచ్చును గదా యని మానరాదు.

పాఠశాల ఉపాధ్యాయులకు, యువజన సంఘములకు ఒక పని సూచింతుము. ప్రతి సంవత్సరము జనవరిలో ఆసియా ఖండమందంతట నీటిపక్షుల లెక్క జరుగుచున్నది. మన దేశమున 1987 నుండి ఇది నడచుచున్నది. దీనికి గొప్ప చదువు అక్కరలేదు. పెద్ద గుంపును లెక్కించుటకు మొదట పది పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ పది ఎంత జాగాలో నున్నవో కంటితో కొలుచుకొనవలెను. ఆ జాగాలు పది కలిపినచో నూరు. గుంపులో అట్టి నూరులెన్నియో చూడవలెను. ఇద్దరు వేరువేరుగా లెక్కించి సరిపోల్చుకొనవలెను. కాలికి రంగు పట్టీ గాని, ఉంగరము గాని యున్న పక్షి కనబడినచో పట్టుటకు యత్నింపక, ఏ కాలికి, ఏ రంగు, ఏ అక్షరములో చూచి ముంబాయిలోని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు వ్రాయవలెను. నోటుపుస్తకములో తేదీ, స్థలము, పక్షిపేరు, సంఖ్యలతోపాటు తిథియు, ఆనాటి నిండు పోటు వేళయు తప్పక వ్రాయవలెను. పేరు తెలియని పక్షి యున్నచో ముక్కు పొడవు, వంపు, కాళ్ళ రంగు, అది తిన్న తీరు వ్రాసియుంచినను చాలును.